అక్క హ్యాండ్‌బ్యాగ్‌లో రివాల్వర్

అక్క పోయిందని ఆవిడ కూతురు కబురు చెప్పగానే నేనే మా కమ్మింగ్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కాసేపటికే దండాల బొమ్మలు, ఏడుపు మొహాలు వరస కట్టాయి. "వెరీ బ్రేవ్ లేడీ" అన్నారు ఒకాయన. "ఎన్నో తెలుగు కుటుంబాలకు గూడు చూపించిన తల్లి" అని ఇంకొకాయన కవిత్వం ఎత్తుకున్నారు. ఆవిడ దగ్గర ఇల్లు కొనొద్దని అందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పింది ఈయనే. ఒళ్ళు మండి ఫోన్ సోఫా మీద పడేశాను.

ఆవిడ రియల్టర్. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో మా ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళు కొన్న ఇళ్ళలో ఒకప్పుడు సగం ఆవిడ చూపించినవే. నేను హెచ్-ఫోర్ వీసా మీద కొత్తగా వచ్చి, ఉద్యోగం చేసే వీల్లేక అపార్ట్‌మెంట్‌లో గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో, ఇండియన్ స్టోర్‌లో పరిచయమైంది. నా కార్ట్‌లోకి తొంగిచూసి, "బియ్యం పెద్ద బస్తా కొంటున్నవ్. ఇగ అపార్ట్‌మెంట్‌ల ఎక్కువ దినాలుండవ్ నువ్వు" అంది. ఎవరు ఇల్లు కొనబోతున్నారో బియ్యం బస్తా సైజుని బట్టి చెప్పేయడం ఆవిడ విద్య. నేను నవ్వి, "లేదాంటీ, మాకింకా టైముంది" అన్నాను. "ఆంటీ అంటే కమిషన్ పెంచుత. అక్కా అను" అంది. వరంగల్ వైపు మనిషి. పాతికేళ్ళు అమెరికాలో ఉన్నా యాస వదల్లేదు, వదలాలని అనుకోనూ లేదు.

మొగుణ్ణి వదిలేసిందని మనవాళ్ళు ఆవిడ వెనక చెప్పుకునేవారు. అది చెప్పినవాళ్ళే ఇల్లు కావాల్సి వచ్చినప్పుడు "అక్కా" అంటూ ఫోన్ చేసేవారు.

నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. నేర్పడం అంటే తన కారు నాకిచ్చి, పక్కన కూర్చుని, ఇళ్ళు చూపించడానికి వెళ్ళడం. ఎక్కడ ఆపినా కారు ముక్కు రోడ్డు వైపే ఉండాలి. ఇంట్లోకి వెళ్ళగానే అన్ని కుళాయిలూ తిప్పేది, టాయ్‌లెట్లు ఫ్లష్ చేసేది, అవెన్ తలుపు తీసి లోపలికి తల పెట్టేది. "లోపల చూడకుంట ఏదీ కొనొద్దు పిల్లా" అనేది. ఈశాన్యం చూడ్డానికి హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక దిక్సూచి ఉండేది. ఇంకో నియమం ఉండేది. బేస్‌మెంట్‌లోకి ఎప్పుడూ తను ముందు దిగదు. మెట్ల దగ్గర పక్కకి జరిగి, చెయ్యి చాపి, కొనడానికి వచ్చినవాళ్ళనే ముందు దిగమనేది. వాళ్ళు దాన్ని మర్యాద అనుకునేవారు.

ఇళ్ళ ధరలు పడిపోయి, వాయిదాలు కట్టలేక జనం ఇళ్ళు వదిలేసి పోయిన కాలం అది. బ్యాంకుల చేతికి వచ్చిన ఖాళీ ఇళ్ళు ఎక్కడ చూసినా ఉండేవి. పచ్చిక మోకాళ్ళదాకా పెరిగి, కరెంటు లేక, లోపల ఎవరున్నారో తెలిసేది కాదు. ఒకసారి అలాంటి ఇంట్లో అక్క బట్టల క్లాజెట్ తలుపు తీస్తే లోపల ఒక మనిషి బూట్లతో సహా పడుకుని ఉన్నాడు. పాపం అతనూ అదిరిపడ్డాడు. ఇద్దరూ ఒకళ్ళని చూసి ఒకళ్ళు కేకలు పెట్టుకుని చెరో వైపుకీ పరిగెత్తారు. అది చెప్పి నవ్వించింది కానీ, ఆ తర్వాత కొన్నాళ్ళు తాళం తీసి వెంటనే లోపలికి వెళ్ళకుండా, గుమ్మంలోనే నిలబడి లోపలికి కేకేయడం నేను చూశాను.

తుపాకీ కొనడానికి ముందు ఆవిడ మనుషుల్ని అడిగింది. ఈ సంగతి ఎవరూ చెప్పరు కనక నేను చెబుతున్నాను. తెలుగువాళ్ళ మీటింగులో లేచి నిలబడి, "సాయంత్రాలు ఖాళీ ఇండ్లు చూపెట్టాల్సొస్తున్నది. ఎవరన్న ఒక్కరు తోడు రాండ్రి, ఊకెనే కార్ల కూసున్నా సాలు" అంది. నేను వీలైనప్పుడు వెళ్ళేదాన్ని. సాయంత్రం మా ఇంట్లో ఉన్న ఒక్క కారూ మా ఆయనతో ఆఫీసు నుంచి రావాలి. మిగతావాళ్ళు నవ్వారు. "మిమ్మల్ని చూస్తే వాళ్ళే పారిపోవాలండీ" అన్నారొకరు. హాల్లో అందరూ మళ్ళీ నవ్వారు. ఆవిడ కూడా నవ్వి కూర్చుంది.

ఆ తర్వాతి వారం నన్ను గన్ షాపుకి తీసుకెళ్ళింది. కౌంటర్ వెనక గడ్డం మనిషి చాలా మర్యాదస్తుడు, మాటకి ముందొకసారి వెనకొకసారి మేడమ్ అనేవాడు. అద్దాల పెట్టెలోంచి పల్చటి సెమీ ఆటోమేటిక్ తీసి పరిచిన గుడ్డ మీద పెట్టాడు. ఈ రోజుల్లో అందరూ ఇదే కొంటున్నారు, తూటాలు ఎక్కువ పడతాయి, బ్యాగులో లావుగా ఉండదు అని చెప్పాడు. పై భాగాన్ని వెనక్కి లాగి చూడమన్నాడు. అక్క లాగింది. వచ్చింది కానీ రెండు చేతులూ కావాల్సి వచ్చాయి.

"ఇది మధ్యల ఇరుక్కుంటే?" అని అడిగింది. ఇంగ్లీషులో అడిగినా వరంగల్ ఇంగ్లీషే.

మళ్ళీ ఇలాగే లాగాలి అని లాగి చూపించాడు.

"నా ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. తాళమో, తలుపో పట్టుకుని ఉంటుంది" అంది. "అవతలివాడు పట్టుకున్నా పట్టుకోవచ్చు."

అతను ఇంకో అర లోంచి పొట్టి రివాల్వర్ తీశాడు. తూటాని వెనకనుంచి కొట్టే గుర్రం, అదే హ్యామర్, పైకి కనబడని రకం. బ్యాగు లోంచి తీస్తుంటే దేనికీ తగులుకోదు, అవసరమైతే బ్యాగు లోపలి నుంచే కాల్చవచ్చు. దీంట్లో తూటాలు అయిదే మేడమ్, ట్రిగ్గర్ చాలా గట్టిగా ఉంటుంది, గొట్టం పొట్టిది, దూరం వెళితే గురి కుదరదు అని లోపాలు కూడా దాచకుండా చెప్పాడు. అక్క దాంట్లో తూటాలు పట్టే తిరిగే భాగాన్ని పక్కకి తెరిచింది. గుండ్రంగా, అయిదు ఖాళీ బొక్కలు. వాటిలోంచి షాపు లైటు కనబడుతోంది. వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమింది.

"దూరమున్నోన్ని నేనెందుకు కాల్సుత?" అంది నాతో తెలుగులో. "దగ్గరికొచ్చినోని కోసమే గద. ఇగో, దీంట్ల ఉన్నదో లేదో కండ్లకు కనబడుతది. పేలకపోతే ఏం లాగుడు లేదు, గుంజుడు లేదు. మల్లొకసారి ఒత్తుడే."

ఆ మాట ఆవిడకి ఊతపదమైపోయింది. బ్యాంకు లోన్ రాలేదని ఎవరైనా దిగులుపడితే, "మల్లొకసారి ఒత్తు" అనేది. నా డ్రైవింగ్ టెస్ట్ పోయినప్పుడూ అదే అంది. రోజూ సాయంత్రం టీవీలో సీరియల్ చూస్తూ ఖాళీ రివాల్వర్ గోడ వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కడం సాధన చేసేది. అత్తగారి పాత్ర తెర మీదకి వచ్చినప్పుడు గురి కొంచెం పక్కకి జరిగేది.

మనవాళ్ళకి తెలిసిపోయింది. కారు కొన్నా, ప్రెషర్ కుక్కర్ కొన్నా మనవాళ్ళకి స్పెసిఫికేషన్లు కావాలి. తలా ఒక వంట తెచ్చుకునే ఒక పాట్‌లక్ విందులో మగవాళ్ళందరూ ఆవిడ చుట్టూ చేరి క్లాసు పీకారు. అందులో ఒకాయన మరీ ఎక్కువ. టీం లీడు, గుడి కమిటీలో ఉండేవాడు, పిల్లలకి వీకెండ్ మేథ్స్ చెప్పేవాడు. హెచ్-వన్ వీసా మీద ఉన్నాడు, ఆ వీసాతో తుపాకీ కొనుక్కునే దారే దాదాపు లేదు. అయినా పేపర్ ప్లేటులో పులిహోర పట్టుకుని, "రివాల్వర్ ఔట్‌డేటెడ్ అక్కా. అయిదు రౌండ్లతో ఏం చేస్తారు? సెమీ ఆటోమేటిక్ తీసుకోవాల్సింది. నన్నడిగితే రివ్యూలు పంపేవాణ్ణి కదా" అన్నాడు.

"ఎంతమంది వస్తరనుకుంటున్నవ్ తమ్ముడూ నా మీదికి?" అంది అక్క. "నేను ఇండ్లు అమ్ముత, యుద్ధం జెయ్య."

అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. అతని భార్య దూరంగా పిల్లాడికి అన్నం తినిపిస్తోంది. నెమ్మదస్తురాలు. మాట్లాడే ముందు ఒకసారి మొగుడి మొహం చూసి అప్పుడు మాట్లాడేది.

ఆ ఏడు దసరాకి అక్క ఇంటికి నేనూ వెళ్ళాను. ఆవిడకి ఆయుధపూజ పెద్ద పండగ. చాప మీద పట్టుచీర పరిచి, పనిముట్లన్నీ పేర్చింది. లాప్‌టాప్, కారు తాళం, ఇళ్ళ తాళాలు తెరిచే ఎలక్ట్రానిక్ కీ, దిక్సూచి, పక్కన రివాల్వర్. తూటాలు తీసేసి, తిరిగే భాగం తెరిచిపెట్టింది. అన్నిటికీ గంధం పూసి, కుంకుమ బొట్టు పెట్టి, పసుపు అక్షింతలు చల్లింది. "అన్నం పెట్టేది ఇవి, పానం కాపాడేది ఇది" అని రివాల్వర్‌కి ఇంకో గుప్పెడు ఎక్కువే చల్లింది. పూజలో పెట్టిన వస్తువుని ఆ రోజు ముట్టుకోకూడదు. అందుకని ఆ సాయంత్రం గోడ మీద సాధన లేదు, ఉట్టి సీరియలే. మర్నాడు పొద్దున్నే తుడిచి, తూటాలు వేసి, బ్యాగులో పెట్టుకుందిట. మూసేటప్పుడు కొంచెం బిగుతుగా అనిపించి బొటనవేలితో నొక్కిందిట.

నేను ఆ రోజే మా తమ్ముడి పెళ్ళికి ఇండియా బయల్దేరాను. పది రోజులకి తిరిగొచ్చేసరికి ఊరంతా ఒకటే మాట. అక్కకి పిచ్చెక్కింది, కమిషన్ తగ్గించమన్నందుకు గుడి కమిటీ ఆయన మీద తుపాకీ ఎత్తింది.

వెళ్ళి అడిగాను. చాయ్ పెట్టి, ఎదురుగా కూర్చుని, మొత్తం చెప్పింది. పూజ మర్నాడే ఆ కమిటీ ఆయన, అంతకుముందు చూసిన ఇల్లే మళ్ళీ చూస్తానని వచ్చాడుట. భార్య వెనక వస్తోందన్నాడుట. బేస్‌మెంట్ కొలతలు కావాలన్నాడు.

"ముందు నేనే దిగిన" అంది అక్క. "ఇన్నేండ్లల్ల ఎవరి ముందట దిగలే. మనోడే గద అని దిగిన."

అతను పైనే తలుపు మూసి, లైటు ఆర్పాడు. మెట్ల మీద ఆవిడ ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. వదలమంది. వదల్లేదు. చిన్న కిటికీలోంచి వచ్చే వెలుగు తప్ప ఇంకేం లేదు. కుడిచేత్తో రివాల్వర్ తీసింది.

"భయపెడదామని తియ్యలే" అంది. "ఒత్తిన. కదల్లే. మల్లొకసారి ఒత్తిన. రాయి లెక్క అట్లనే ఉండె."

అతనికి అది తెలియదు. తుపాకీ గొట్టం కనబడగానే చెయ్యి వదిలేసి, మెట్లెక్కి పరిగెత్తాడు. ఆవిడ ఇంటికొచ్చి, డైనింగ్ టేబుల్ మీద దీపం పెట్టుకుని, రివాల్వర్ తెరిచి, పంటిపుల్లతో గెలికింది. తిరిగే భాగం వెనక, నక్షత్రం ఆకారంలో ఒక ముక్క ఉంటుంది, కాల్చేసిన తొడుగుల్ని అది బయటికి నెడుతుంది. దాని కింద, ఎండి గట్టిపడిన గంధంలో కూరుకుపోయి, తిరగనివ్వకుండా అడ్డుపడిన ఒక అక్షింత ముక్క.

పోలీసులకి చెబుదాం పదండి అన్నాను. ఆవిడ చాయ్ కప్పులు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళింది.

ఈలోపు పెద్దమనుషులు పిలిచారు. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా పంచాయితీ కూడా సామాన్లో సర్దుకుని వస్తారు. గుడికి భూమి ఇచ్చిన పెద్దాయన ఇంట్లో లెదర్ సోఫాలు, మిరపకాయ బజ్జీలు, చాయ్. అతను ఒక మూల, పక్కన అతని భార్య. అక్కతో నేను వెళ్ళాను.

పెద్దాయన మెత్తగా మొదలుపెట్టాడు. "చూడమ్మా, ఏదో మాటా మాటా అనుకుని ఉంటారు. అతను అంటాడు, నువ్వు స్ట్రెస్‌లో ఉన్నావని. అతని గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ చివర్లో ఉంది. ఇప్పుడు పోలీసు, కేసు అంటే ఏమవుతుందో నీకు తెలియంది కాదు. ఫ్యామిలీ మొత్తం మూట సర్దుకోవాలి."

"చెయ్యి పట్టుకున్నడు" అంది అక్క. స్వెట్టర్ చెయ్యి పైకి లాగింది. అన్ని రోజులైనా మణికట్టు మీద పచ్చగా మచ్చ ఇంకా ఉంది.

పెద్దాయన భార్య బజ్జీల ప్లేటు కింద పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. "గాజులు బిగుతైనా ఇలాగే కములుతుందమ్మా. నాకూ అయ్యింది" అంది.

అక్క చేతికి గాజులు వేసుకోదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఒకాయన ఇంకో బజ్జీ తీసుకున్నాడు. నేను లేచి ఏదో అనబోతే అక్క నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

అతను చాయ్ కప్పులోకి చూస్తూ, "అక్క అంటే నాకు రెస్పెక్టే అండీ. సారీ చెప్పి, ఆ గన్ తీసేస్తే నాకేం గ్రడ్జ్ లేదు" అన్నాడు.

పెద్దాయన వెంటనే అందుకున్నాడు. "అంతేనమ్మా. ఒక్క మాట. నీ బిజినెస్ నీకుంటుంది, మేమందరం ఉన్నాం కదా."

అక్క అతని వైపు చూడలేదు. అతని భార్యని చూసింది. ఆ పిల్ల తల దించుకుని ఒళ్ళో ఉన్న పేపర్ నాప్‌కిన్‌ని మడుస్తూ, విప్పుతూ ఉంది.

"పోలీసుల దగ్గరికి పోను" అంది చివరికి. "గ్రీన్‌కార్డ్ రానియ్యుండ్రి. సారీ మాత్రం చెప్ప."

లేచి వచ్చేసింది. కారులో కూర్చున్నాక, "వాని కోసం కాదు పిల్లా. కేసయితే వాణ్ణొక్కణ్ణే పంపరు, దాన్ని గూడ పంపుతరు. దానికి ఆడ ఇండియల ఎవరున్నరో ఏమో" అంది. నాకు ఆ మంచితనం మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇప్పటికీ తగ్గలేదు.

సారీ చెప్పలేదు కనక మనవాళ్ళు తమ పని తాము చేశారు. ఇల్లు చూడ్డానికి పిలవడం మానేశారు. బతుకమ్మకి ఆవిడ ఇంటికి పిల్లల్ని పంపడం మానేశారు, ఇంట్లో తుపాకీ ఉందిట. అంతకుముందు ఏడాది ఉన్నప్పుడు పంపారు మరి. ఆవిడ బోర్డు కనబడిన ఇల్లు నచ్చినా వేరే ఏజెంటుని పెట్టుకుని కొన్నారు. అతను కూడా కొన్నాడు, గృహప్రవేశానికి ఊరంతా వెళ్ళారు. అక్క కొరియన్ వాళ్ళకీ తెల్లవాళ్ళకీ ఇళ్ళు చూపించుకుని బతికింది. ఒకటి రెండుసార్లు, సెమీ ఆటోమేటిక్ అయితే ఇలా జరిగేది కాదేమోనని నేనన్నాను. "దాంట్ల అక్షింత వడితే అదీ ఇరుక్కునేది. తప్పు తుపాకీది గాదు, నాది. చూసి మూయలే" అంది. ఆ రివాల్వరే చివరిదాకా మోసింది.

కడుపులో కేన్సర్ అని తెలిశాక ఎక్కువ కాలం బతకలేదు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ గ్రూపులో ఉన్న ఆ బ్రేవ్ లేడీ అభిమానులు ఒక్కరూ రాలేదు.

ఫ్యూనరల్ హోమ్‌కి మాత్రం పార్కింగ్ చాలనంతమంది వచ్చారు. అందరూ తెల్లబట్టలు ఇస్త్రీ చేసుకుని వచ్చారు. కాలేజీ నుంచి వచ్చిన కూతురు తన అమెరికన్ తెలుగులో అందరికీ "థాంక్స్ అంకుల్, థాంక్స్ ఆంటీ" అని చెప్తోంది. దానికి ఏమీ తెలియదు, అక్క చెప్పలేదు. అతను కూడా వచ్చాడు. పూలపళ్ళెం పట్టుకుని, వచ్చినవాళ్ళకి దారి చూపిస్తూ, ఇంటి మనిషిలా హడావిడి పడుతున్నాడు. చూడలేక బయటికొచ్చి నా కారు దగ్గర నిలబడ్డాను.

అతని భార్య నా వెనకే వచ్చింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుంది. వాళ్ళకి గ్రీన్‌కార్డులు వచ్చేశాయని ఎప్పుడో విన్నాను. ఎండాకాలం, అయినా పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది.

"అక్కా, ఆవిడ ఆ రోజు నిజమే చెప్పారని నాకు తెలుసు" అంది.

ఇప్పుడా చెప్పడం అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఊరికే భయపెట్టడానికే తీసుంటారు కదక్కా? నిజంగా కాల్చేవారు కాదు కదా?"

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని మాట. అక్క పోయింది, ఇక దాచి ఎవర్ని కాపాడాలి?

"భయపెట్టడానికి కాదు" అన్నాను. "మీ ఆయన మీదకి రెండుసార్లు నొక్కింది."

ఏడుస్తుందనుకున్నాను, లేదా దేవుడు కాపాడాడు అంటుందనుకున్నాను. ఆ పిల్ల హాలు గుమ్మం వైపు చూసింది. అక్కడ అతను ఎవరికో వంగి నమస్కారం పెడుతున్నాడు. మొదటిసారి అతని మొహంలో అనుమతి వెతుక్కోకుండా నా వైపు తిరిగింది.

"మరి పేల్లేదేం అక్కా?" అంది.